బొమ్మ వస్తోందా?

"మ్యాచ్ చూశారా?"

"చూశానండీ. మొదలైన దగ్గర్నుంచి కప్పు ఇచ్చేదాకా."

"ఒక్కరేనా?"

"లేదండీ. అన్నయ్యా నేనూ. పక్కపక్కనే కూర్చుని చూశాం."

"ఎక్కడ కూర్చున్నారు?"

చనిపోయిన పెద్దాయన తమ్ముడు గోడవారగా ఉన్న పెద్ద సోఫా వైపు చెయ్యి చూపించాడు. డిటెక్టివ్ వెళ్లి సోఫా మీద అరచెయ్యి ఆనించి ఎత్తింది. చెయ్యి తెల్లగా అయింది. షాపువాళ్లు తొడిగి పంపిన ప్లాస్టిక్ కవరు ఇంకా సోఫాకే ఉంది. దాని మీద దుమ్ము ఒక పొరలా పరుచుకుంది. మూడు వారాల్లో పడే దుమ్ము కాదది. మనిషి బరువుకు పడే ముడత ఒక్కటి కూడా ఆ కవరు మీద లేదు.

ఆమె ఆ సంగతి ఎత్తలేదు. చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, "బొమ్మ బాగా వచ్చిందా?" అని అడిగింది.

"భలేవారే, ఎందుకు రాదండీ! అంత తెర! బంతి మీద కుట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు."

తమ్ముడికి యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. అన్నగారి కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే పని అతనిది. పొద్దస్తమానం వంగి పనిచేయడం వల్ల నిలబడ్డా వంగినట్టే ఉంటాడు. అబద్ధం చెప్పే ప్రతిసారీ గొంతుముడి పైకెక్కి దిగుతోంది. ఇలాంటి మనిషి చేత అబద్ధం ఆడించడం కంటే ఎద్దు చేత మెట్లు దిగించడం తేలిక అనుకుంది డిటెక్టివ్.

పోలీసు శాఖలో ఉన్నప్పుడు ఆమెను వెనకాల 'ముల్లు' అనేవారు. ఉద్యోగం పోయి ఏడేళ్లయినా పేరు మాత్రం పోలేదు. ఆమెకూ దాని మీద ఫిర్యాదేమీ లేదు.

ఆమె ఎదురుగా ఉన్న గోడను టీవీయే మింగేసింది. డబుల్ కాట్ మంచాన్ని అడ్డంగా నిలబెట్టినంత వెడల్పు. సినిమా హాలును మడిచి పెట్టెలో సర్దినట్టు లోపలే దీపం, లోపలే అద్దం, ముందు వైపు తెర. అలాంటి ప్రొజెక్షన్ టీవీ ఆ వీధిలో ఇంకెవరికీ లేదు. దాన్ని మేడ మీదికి ఎక్కించడానికి తలుపు చట్రం పీకించారట. ఊరందరికీ కళ్లద్దాలు అమ్మిన పెద్దమనిషి తనకి మాత్రం గోడంత అద్దం తెచ్చుకున్నాడని వీధి వీధంతా నవ్వుకుందట. ఆ గదిలోనే, ఆ తెర ముందే, మూడు వారాల కిందట ఒక ఆదివారం సాయంత్రం ఆయన కుర్చీలో ఒరిగిపోయి ఉన్నాడు. కడుపులో నిద్రమాత్రలు. పోలీసులు ఆత్మహత్య అని రాసి చేతులు దులుపుకున్నారు. ఆయన భార్య ఒప్పుకోలేదు. పై అధికారులకు అర్జీలు పెట్టింది, చివరికి డిటెక్టివ్‌ని వెతుక్కుంటూ వచ్చింది.

"ఒకసారి ఆన్ చేయండి," అంది డిటెక్టివ్, రిమోట్ అందిస్తూ.

తమ్ముడు నొక్కాడు. రెండు మూలల్లోని స్పీకర్లు ఒక్కసారిగా గొంతెత్తాయి. ఎవరో సబ్బు గురించి పాట పాడుతున్నారు. తెర నల్లగా ఉంది. సబ్బు పాట అయిపోయింది, వార్తలు మొదలయ్యాయి. అయినా తెర నల్లగానే ఉంది.

"బొమ్మ ఏదండీ?"

"ఇప్పుడు... ఇప్పుడు పాడైందేమో."

"ఆ సాయంత్రమే ఈ గదికి పోలీసులు తాళం వేశారు. తాళంచెవి ఇవాళ పొద్దున్న నా చేతికొచ్చింది. ఈలోగా ఇక్కడ తిరిగినవి బల్లులు. అవి టీవీ పాడుచేశాయంటారా?"

గొంతుముడి పైకెక్కింది. మళ్లీ దిగలేదు. అతని చూపు గుమ్మం దగ్గర నిలబడ్డ వదినగారి మీదికి వెళ్లింది. ఆవిడ గోడ వైపు చూస్తోంది. ఆ గోడ మీద చూడటానికి ఏమీ లేదు.

"మీరు ఆ రోజు మ్యాచ్ చూడలేదు," అంది డిటెక్టివ్ నెమ్మదిగా. "సోఫాలో కూర్చోలేదు. అసలు ఈ గదిలోనే లేరు. అవునా?"

సమాధానం రాకముందే వెనక నుంచి చప్పట్లు వినిపించాయి.

"శభాష్ మేడం, శభాష్!"

గుమ్మంలో ఇంటావిడను దాటుకుని ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. అతను 'మేడం' అన్నప్పుడు ఆ 'డం' మీద కొద్దిగా నొక్కుతాడు. ఒకప్పుడు నొక్కేవాడు కాదు. అప్పట్లో ఆమె కింద సబ్ ఇన్‌స్పెక్టర్. లాకప్‌లో ఒక కుర్రాడు చచ్చిపోతే ఉరి వేసుకున్నాడని రాయమని పైనుంచి చెప్పారు. ఆమె రాయనంది. ఇతను రాశాడు. ఆమె ఇంటికి వెళ్లింది, ఆమె కుర్చీ ఇతనికి వచ్చింది.

"మేం మూసేసిన ఫైలు తెరిస్తేగానీ మీకు ముద్ద దిగదు కదా," అన్నాడు నవ్వుతూ.

"నువ్వు చదివి మూసి ఉంటే నాకు ఆ శ్రమ ఉండేది కాదు."

"చదివే మూశాం మేడం. మ్యాచ్ అయ్యేదాకా అన్నగారు కులాసాగా ఉన్నారనీ, తర్వాత పడుకుంటానంటే తాను కిందికి దిగిపోయాననీ సాక్ష్యం ఇచ్చింది ఎవరు? ఈ పెద్దమనిషే. దాన్ని బట్టే ఆత్మహత్య అని రాశాం. ఇప్పుడు అది పచ్చి అబద్ధమని మీరే తేల్చిపెట్టారు. మీ మేలు మర్చిపోను." కానిస్టేబుళ్ల వైపు తిరిగాడు. "తీసుకెళ్లండి."

"ఆగు. దేనికి తీసుకెళ్తావు?"

"అన్న పోతే షాపు ఎవరి చేతిలో ఉంది? వీడి చేతిలో. అబద్ధం చెప్పింది ఎవరు? వీడు. ఇంకేం కావాలి? ఈవిడగారి అర్జీల పుణ్యమా అని పైవాళ్లు రోజూ నా ప్రాణం తోడేస్తున్నారు. రేపటికల్లా ఒక మనిషిని చూపించాలి."

"అంటే మొన్న ఎవరూ అక్కర్లేకపోతే ఆత్మహత్య. ఇవాళ ఒకడు కావాల్సి వస్తే హత్య."

"మీరు ఎలాగైనా అనుకోండి."

"అబద్ధమాడినవాళ్లందరినీ లాకప్‌లో వేస్తే మీ స్టేషన్లో సంతకం పెట్టడానికి మనిషి మిగలడు. ఆ నిద్రమాత్రల సీసా ఎవరిది, ఈ గదిలోకి ఎలా వచ్చింది అని ఎవర్నైనా అడిగావా?"

"అన్నీ వీడే చెప్తాడు లెండి. మా దగ్గర అందరూ చెప్తారు. ఆ సంగతి మీకు తెలియనిదా?"

తన నోటితో తాను తీసిన నిజం ఒక అమాయకుడి మెడకు చుట్టుకోవడం ఆమెకు కళ్లముందే కనిపిస్తోంది. ఇంకొక్క గంట ఆగి అడిగినా బాగుండేది. తలుపు వేసి అడిగినా బాగుండేది.

కానిస్టేబుళ్లు చెరో జబ్బా పట్టుకున్నారు. తమ్ముడు పెనుగులాడలేదు. ఎదురు చెప్పలేదు. గుమ్మం దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగి, "వదినా, షాపు తాళాలు మేకుకి తగిలించాను. సాయంత్రం ఆ పంతులుగారొస్తే ఆయన కళ్లజోడు సొరుగులో ఉందని చెప్పండి," అన్నాడు.

ఆవిడ తల ఊపింది. కింద జీపు కదిలిన చప్పుడు వినిపించేదాకా అలాగే నిలబడి, తర్వాత మేడ మెట్ల మీద కూలబడిపోయింది.

డిటెక్టివ్ ఆవిడను పలకరించలేదు. ముందు గది మాట్లాడాలి, మనుషుల సంగతి తర్వాత. టీవీ ఆపేసి, కిటికీ మీది నల్లటి తెరలు పూర్తిగా పక్కకు లాగింది. తెర మీద బొమ్మ బాగా కనబడాలని గదిని చీకటి కొట్టుగా మార్చి పెట్టుకున్నాడు పెద్దాయన. వెలుగు పడగానే కార్పెట్ చెప్పాల్సింది చెప్పింది. పోలీసులు మూలకి తోసేసిన చేతుల కుర్చీ కాళ్ల గుర్తులు కార్పెట్‌లో లోతుగా దిగబడి ఉన్నాయి. ఆ గుర్తులు సోఫా దగ్గర లేవు, గది మధ్యలోనూ లేవు. తెరకు మూర దూరంలో ఉన్నాయి. అదీ ఏటవాలుగా.

ఆమె కుర్చీ తెచ్చి ఆ గుర్తుల్లోనే పెట్టి కూర్చుంది. తెర మొహానికి ఎదురుగా లేదు. ఎడమ కంటి కొస నుంచి, భుజం మీదుగా చూడాల్సి వస్తోంది. ఇంత తెర కొనుక్కున్న మనిషి దానికి ముక్కు ఆనించి, మొహం పక్కకు తిప్పుకుని ఎందుకు కూర్చున్నాడు?

చేతికి అందేంత దూరంలో ఒక స్టూలు. స్టూలు పైన ఇనప కొంకికి బిగించిన చిన్న వీడియో కెమెరా. దాని చూపు కిందికి, స్టూలు పలక మీదికి ఉంది. అక్కడ మడిచిన ఆదివారం పేపరు. కెమెరా నుంచి ఒక తీగ టీవీ ముందు భాగంలోకి వెళ్లింది. ఇంట్లో పెళ్లిళ్లూ పుట్టినరోజులూ తీసే కెమెరా. దాన్ని పేపరు మీద గురిపెట్టి ఎవరూ వేడుక చేసుకోరు.

తీగ వెంట వంగినప్పుడు తెర కింది పట్టీ మీద ఆమె వేలికి ఏదో తగిలింది. తెల్లటి కాగితం టేపు, గోరంత ముక్క, రెండు మడతలుగా అతికించి ఉంది. దాన్ని ఒలిచేసరికి కింద ఒక చిన్న దీపం కనిపించింది. టీవీ మళ్లీ ఆన్ చేసింది. ఆ దీపం ఎర్రగా ఆరుతూ వెలుగుతూ హెచ్చరించడం మొదలుపెట్టింది. లోపల లాంపు వెలగడం లేదని చూసేవాళ్లకు చెప్పే దీపం అది. దాని నోరు ఎవరో మూశారు.

టీవీ మెయిన్ స్విచ్ ఆపేసి, గోడకూ పెట్టెకూ మధ్య దూరి వెనక మూత పట్టుకుంది. మూత స్క్రూలు సగమే బిగించి ఉన్నాయి. లోపల లాంపు పెట్టె ఉండాల్సిన చోటు నుంచి రెండంగుళాలు బయటికి వచ్చి ఉంది. మాడిపోలేదు, పగల్లేదు, గాజు కొత్తదానిలా మెరుస్తోంది. లాగి వదిలేశారు, అంతే. అరచేత్తో నెట్టగానే టక్కుమని కూర్చుంది. స్క్రూలు బిగించి ఇవతలికి వచ్చి స్విచ్ వేసి, కెమెరా ఆన్ చేసి, రిమోట్‌తో టీవీని వార్తల నుంచి కెమెరాకు మార్చింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత తెర బూడిదరంగు తిరిగింది, తెల్లబడింది, ఉన్నట్టుండి గోడంతా అక్షరాలైపోయింది. ఒక్కో అక్షరం ఇటుకంత ఉంది. స్టూలు మీది పేపరే. ఆమె కెమెరా కింద వేలు పెట్టింది. తాటిదూలమంత వేలు తెర మీద పడుకుంది. గోరు చివర విరిగిన పెచ్చు కూడా స్పష్టంగా ఉంది.

"ఇక్కడికి రండమ్మా," అని పిలిచింది.

ఇంటావిడ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. తెర వైపు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"మీవారికి ఎప్పటినుంచి కనబడటం లేదు?"

"కుడికన్ను పోయి రెండేళ్లు. ఎడమకంటికి నడిమధ్యలో మచ్చ. ఎవరి మొహం వైపు చూస్తే వాళ్లకి మొహం ఉండదు, చెవులు మాత్రం ఉంటాయే అనేవారు. నన్ను చూడాలంటే నా భుజం వైపు చూసేవారు. కళ్లద్దాల షాపాయనకే కళ్లు లేవంటే జనం ఏమనుకుంటారని ఎవరికీ చెప్పనివ్వలేదు."

"అందుకే ఈ టీవీ."

"అందరూ ముసలాడి సరదా అనుకున్నారు. అనుకోనీ అన్నారు. పొద్దున్నే పేపరంతా దీని మీదే చదువుకునేవారు. ఒకరోజు నన్ను ఆ కెమెరా కింద చెయ్యి పెట్టమన్నారు. తెరకేసి మొహం ఓరగా పెట్టి ఎంతసేపు చూశారో! నీ చేతికి ఇన్ని గీతలు ఎప్పుడొచ్చాయే, నాకు చెప్పనేలేదు అన్నారు." ఆవిడ తన అరచేతిని వేళ్లతో తడుముకుంది. "ఈ తెర మీద కనబడినన్నాళ్లే నేను మనిషిని, ఇదీ పోయిన రోజు నేనుండను అనేవారు. ఆ మాటకి భయపడే నిద్రమాత్రల సీసా నా బీరువాలో పెట్టి తాళం వేశాను."

"బీరువాలోదా? మరి పైకి ఎలా వచ్చింది?"

"నన్ను ఆ మాట ఎవరూ అడగలేదమ్మా."

"బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు?"

ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకోసాగింది.

"సరే, ఇది చెప్పండి. ఈ పెట్టెలో లాంపు ఎవరు మారుస్తారు?"

"నిరుడు మావాడే మార్చాడు."

మావాడంటే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. కంటి డాక్టరు. పక్క వీధిలోనే కాపురం, రోజూ వచ్చి తల్లిని చూసిపోతాడు. పెద్ద ఆస్పత్రిలో ఒక విభాగానికి అధిపతిని చేయబోతున్నారని ఆవిడే మొదటిరోజు చెప్పింది. తండ్రి పోయిన ఆదివారం పొద్దున్నుంచి రాత్రిదాకా ఆస్పత్రిలోనే ఉన్నానని అతను పోలీసులకు చెప్పాడు. వాళ్లూ రాసుకున్నారు.

డిటెక్టివ్ వేలి కొనకు అంటుకున్న తెల్లటి టేపు ముక్క చూపించింది. "ఇదేమిటో మీకు తెలుసు. కంటి మీద దూది పెట్టి అతికిస్తారు."

"అది మా ఇంట్లో ఉంటుంది," అంది ఆవిడ గబుక్కున. "ఆయన ఆపరేషన్ నాటిది. ఎవరైనా అతికించి ఉండొచ్చు."

"ఆ ఆపరేషన్ ఎవరు చేశారు?"

ఆవిడ కిందికి చూసింది.

"కుడికంటికి ఆపరేషన్ ఎవరు చేశారమ్మా?"

"మావాడే. చీము పట్టింది. తండ్రికి చేస్తున్నానని చెయ్యి వణికిందన్నాడు. చెయ్యి వణకడం కాదు, పూటుగా తాగి ఉన్నాడని ఆయనకి తెలుసు. వాసన వచ్చిందట. అయినా షుగర్ వల్ల పోయిందనే అందరికీ చెప్పుకున్నారు. కొడుకు పేరు చెడుతుందని." కాస్త ఆగి అంది, "ఎడమకన్నైనా నిలబెట్టుకుంటానని వేరే ఊళ్లో పెద్ద డాక్టర్ దగ్గర చూపించుకోవడానికి బయల్దేరారు. ఆ సోమవారమే ప్రయాణం."

కొత్త డాక్టరు ఒక కన్ను చూసి వదలడు, రెండూ చూస్తాడు. ఆ కుడికన్ను ఇలా చేసింది ఎవరని అడుగుతాడు. తండ్రి చెప్పకపోయినా కంట్లో కత్తి గుర్తు చెప్తుంది. సోమవారం ప్రయాణమైతే ఆదివారం మనిషి పోయాడు.

"మీ మరిది చేత అబద్ధం ఆడించింది మీరే కదూ?" అని అడిగింది. "టీవీ ఎలా పాడైందని నేనడిగినప్పుడు ఆయన మీవైపు చూశారు. మీరు గోడ వైపు చూశారు. అన్న పక్కన నేనున్నానని ఆయన చెప్తే, ఇంకెవరు ఉన్నారని ఎవరూ అడగరు. అంతేనా?"

ఇంటావిడ సోఫా దుమ్ము మీదే కూర్చుంది. ప్లాస్టిక్ కవరు కిర్రుమంది.

"నా మాట జవదాటడు," అంది. "ఎందుకు వదినా అని కూడా అడగలేదు. సరే అన్నాడు. ఆ రోజంతా వాడు షాపులోనే ఉన్నాడు, పాపం. తాళం వేసుకుని అద్దాలు అరగదీసుకుంటున్నాడు."

"మీరు ఏం చూశారు?"

"కాఫీ తెచ్చాను. తలుపు ఓరగా ఉంది. లోపల మ్యాచ్ గోల. అడుగుపెట్టబోతూ ఆగాను. చీకటి. కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. టీవీ అరుస్తోంది గానీ తెర మీద వెలుగే లేదు. అప్పుడు ఆయన గొంతు వినబడింది. 'బొమ్మ వస్తోందా?' అని అడుగుతున్నారు."

ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టి నలుపుకుంటోంది.

"మావాడి గొంతు. 'వస్తోంది నాన్నా, బ్రహ్మాండంగా వస్తోంది' అన్నాడు. 'గదిలో లైటు వేశావా?' అన్నారు. 'వేసే ఉంది నాన్నా, కనబడటం లేదా?' అన్నాడు. ఆయన ఎంతసేపు మాట్లాడలేదో నేను చెప్పలేను. ఆ తర్వాత, 'అయితే అయిపోయిందన్నమాట' అన్నారు. అంతే. 'నువ్వెళ్లరా, నేను కాసేపు కూర్చుంటా' అన్నారు. వాడు బయటికొచ్చే చప్పుడైతే నేను దొంగలా కిందికి దిగిపోయాను. వాడు వంటింట్లోకి వచ్చి, నాన్న పడుకున్నారు లేపొద్దమ్మా, నేనొచ్చానని ఎవరితోనూ అనొద్దు, డ్యూటీ మధ్యలో వచ్చాను అన్నాడు."

"మీరు మళ్లీ పైకి వెళ్లలేదా?"

"వెళ్లలేదు. లేపొద్దన్నాడు కదా." ఆవిడ మొహం ముడుచుకుపోయింది. "వాడేదో హాస్యమాడుతున్నాడనుకున్నాను. తండ్రికి ధైర్యం చెప్తున్నాడనుకున్నాను. ఇంకా ఏమేమో అనుకున్నాను. ఒక్క లైటు నొక్కి ఉంటే మనిషి బతికుండేవాడమ్మా. స్విచ్ నా చేతికి ఇంత దూరంలో ఉంది."

కిటికీ బయట ఎవరిదో సైకిలు గంట మోగింది. డిటెక్టివ్ తన ఉద్యోగంలో కత్తులు చూసింది, తాళ్లు చూసింది, విషం కలిపిన గ్లాసులు చూసింది. రెండు మాటలతో మనిషిని చంపడం ఇదే చూడటం. బొమ్మ వస్తోంది. లైటు వేసే ఉంది. మాత్రలు తీసింది ఆయన చెయ్యే, మింగింది ఆయన నోరే. బీరువాలోంచి తెచ్చి అందుబాటులో ఉంచిన సీసా ఒక్కటే కొడుకు పని.

"ఇంత తెలిసీ నా దగ్గరికి ఎందుకొచ్చారు?"

"నా నోటితో నేను చెప్పలేను. కన్నదాన్ని. చెప్పకుండా ఉండనూ లేను, ఆయనతో ముప్పై ఏడేళ్లు కాపురం చేసినదాన్ని. మీరే కనుక్కుంటే నేను చెప్పినట్టు కాదు కదా అనుకున్నాను." ఆవిడ తల ఎత్తింది. "ఇలా మరిదిని పట్టుకుపోతారని అనుకోలేదు."

"ఇప్పుడు చెప్పక తప్పదమ్మా. లాంపు ఎవరైనా లాగి ఉండొచ్చంటారు, టేపు ఎవరిదైనా కావచ్చంటారు. తెర నల్లగా ఉండటం కళ్లారా చూసింది మీరొక్కరే. గదిలో లైటు లేదని చెప్పగలిగిందీ మీరే."

"చెప్తాను. ఇప్పుడే వెళ్దాం పదండి. స్టేషన్లోనే చెప్తాను."

ఆవిడ లేచింది. ఆసరాకు సోఫా చెయ్యి పట్టుకోబోయింది. చెయ్యి గాల్లో పడింది. తూలిపోతుంటే డిటెక్టివ్ పట్టుకుంది.

"ఏమైంది?"

"ఏం లేదు. కొన్నాళ్లుగా కళ్లు మసకలు. దగ్గరివి అసలు ఆనడం లేదు. ఏడ్చి ఏడ్చి అలా అయిందని మావాడు చుక్కలమందు వేస్తున్నాడు. పూట పూటకీ తనే వచ్చి వేస్తాడు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు. నిన్న ఆస్పత్రికి కూడా తీసుకెళ్లాడు. అక్కడ వేరే డాక్టర్ల ముందు పరీక్ష చేయించి, మా అమ్మకి ఏడాదిగా చూపు సరిగ్గా లేదని చెప్పి రాయించాడు."

"ఏడాదిగానా?"

"నాకు మొన్నటిదాకా సూదిలో దారం ఎక్కేది. ఎందుకలా చెప్పాడో మరి. పెద్దవాళ్ల ముందు కాదనలేక ఊరుకున్నాను."

డిటెక్టివ్ ఆవిడను చేయి పట్టి కిటికీ దగ్గరికి నడిపించింది. గడ్డం పైకెత్తి, ఎండ మొహం మీద పడేలా నిలబెట్టింది. ఎండ సూటిగా కళ్లలో పడుతోంది. కంటిపాపలు ముడుచుకోలేదు. నల్లటి గింజల్లా విచ్చుకుని, కనుగుడ్డులో రంగునంతా మింగేసి అలాగే ఉండిపోయాయి. అది ఏడుపు చేసే పని కాదు, చుక్కలు చేసే పని.

"ఆ రోజు మీరు తలుపు దగ్గర నిలబడ్డారని మీవాడికి తెలుసా?"

"ఎలా తెలుస్తుంది? నేను చెప్పలేదు." ఆవిడ కళ్లు చికిలించింది. "కాఫీ గ్లాసు మాత్రం గుమ్మం పక్కనే పెట్టి మర్చిపోయాను. సాయంత్రం వెతికితే కనబడలేదు. కడిగేసి వంటింట్లో బోర్లించి ఉంది."

చూపు లేని సాక్షి. తెర నల్లగా ఉందని చెప్పడానికి ఆవిడ బోనెక్కితే, మా అమ్మకి అప్పటికే కళ్లు కనబడేవి కావండీ, కావాలంటే ఆస్పత్రిలో చూసుకోండి అని కొడుకు కళ్లొత్తుకుంటూ చెప్తాడు. ఎవరూ కాదనలేరు. ఇంకొన్ని చుక్కలు పడితే అది అబద్ధం కూడా కాదు.

"ఆ మందు సీసా ఎక్కడుంది? ఇవాళ వేశాడా?"

"ఇంకా వేయలేదు. వచ్చే వేళయింది. ఇవాళ కొత్త సీసా తెస్తానన్నాడు, ఇది కాస్త మండుతుందమ్మా, ఓర్చుకోవాలి అన్నాడు."

కింద గేటు గడియ తీసిన చప్పుడైంది. చెప్పులు విడిచిన చప్పుడు. ఆ తర్వాత మెట్ల మీద అడుగులు, ఇంటివాడు ఎక్కినట్టు నింపాదిగా.

"అమ్మా! పైన ఏం చేస్తున్నావు? మందు వేసుకోవాలి కదా!"

డిటెక్టివ్ ఆవిడ భుజం నొక్కి, మాట్లాడొద్దన్నట్టు తల ఊపింది. ఫోను తీసింది. ఆ వేళలో పిలిస్తే ఈ ఇంటికి జీపు తేగల మనిషి ఒక్కడే, ఆ ఇన్‌స్పెక్టరే. అతను ఫోను ఎత్తలేదు. ఆమె మళ్లీ నొక్కింది.

మెట్ల మలుపులో తెల్లచొక్కా కనబడింది. చేతిలో చిన్న సీసా. గదిలోంచి మెట్ల మీదికి పడుతున్న టీవీ వెలుగును చూసి అతను ఒక్క క్షణం నిలిచిపోయాడు. మళ్లీ గొంతులో అదే మెత్తదనం తెచ్చుకుని అడిగాడు.

"నేనేనమ్మా. కనబడుతున్నానా?"

డిటెక్టివ్ పట్టుకున్న చేతిని ఇంటావిడ మెల్లగా విడిపించుకుంది. గుమ్మం దాకా తడుముకుంటూ నడిచి, ద్వారబంధం పట్టుకుని నిటారుగా నిలబడింది.

"కనబడుతున్నావురా," అంది. "ఆ రోజు చీకట్లోనూ కనబడ్డావు."

అడుగులు ఆగిపోయాయి. అటు ఫోనులో ఇంకా గంట మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. మెట్ల మీద మళ్లీ కదలిక మొదలైంది. ఈసారి నింపాది లేదు.